చూద్దాంలే

కోవళం,
మార్చి, 1999.

చి. సౌ. సీతకి వదిన ఆశీస్సులు.

క్షేమంగా చేరాను. రైలు దిగి రెండు బస్సులు మారేసరికి ఒళ్లు నాది కాకుండా పోయింది గాని, ఇప్పుడు బాగానే ఉన్నాను. కామెర్లు తగ్గాక రెండు మూడు నెలలు విశ్రాంతి తీసుకోమని డాక్టరుగారు నీ ఎదురుగానే చెప్పారు కదా. ఆ విశ్రాంతేదో ఇంట్లోనే తీసుకుంటే మంచం మీద పడుకుని వంటింటి చప్పుళ్లు వింటూ ఉండాలి. ఇక్కడ వంటిల్లు నాది కాదు.

దేవకుమారి నీకు గుర్తుండే ఉంటుంది. రామచంద్రపురంలో ఇంటర్మీడియట్ చదివినప్పుడు నా పక్కన కూర్చునేది. నర్సు ట్రైనింగుకి వెళ్లి, మలయాళీ అబ్బాయిని చేసుకుని, ఇక్కడ సముద్రం ఒడ్డున నాలుగు గదుల లాడ్జి పెట్టుకుంది. ఆయన ఓడలో ఉద్యోగం, ఎప్పుడో గాని ఇంటికి రాడు. మొన్న వాళ్లమ్మని చూడ్డానికి వచ్చి, పనిలో పనిగా నన్ను చూసి, ‘ఏంటే ఇలా అయిపోయావ్, నాతో వచ్చెయ్’ అంది. మీ అన్నయ్య వీధరుగు మీద పేపరు చదువుకుంటూ విని, ‘వేసవికి నీళ్లాపి కాలువలు కట్టనీ, నేనే తీసుకెళ్తాను, చూద్దాంలే’ అన్నారు. నేను అప్పటికే అటక మీంచి పెట్టె దించాను. నీతో చెప్పకుండా వచ్చానని కోపమొచ్చి ఉంటుంది. చెబితే ఆపుతావని చెప్పలేదు.

ఇక్కడ విదేశాలవాళ్లు ఎక్కువ. ఒక్కొక్కరి చంకలో మనిషికంటే పొడుగు పలక ఒకటి. దాన్ని సముద్రంలోకి తీసుకుపోయి, కెరటం లేచే వేళకి దాని మీద ఎక్కి నిలబడతారు. అలా నిలబడి ఒడ్డుదాకా వస్తారు. వచ్చి మళ్లీ లోపలికి పోతారు. మోసుకొచ్చేది లేదు, దింపేది లేదు. ఎందుకు ఇదంతా అని ఒకావిడని అడిగితే నవ్వింది. నేను నేర్చుకున్న హిందీ ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతోనే నెట్టుకొస్తున్నాను.

నా పనేమిటంటే, పొద్దున్నే వరండాలో కుర్చీ వేసుకుని సముద్రం చూడ్డం. కాఫీ తాగి మళ్లీ చూడ్డం. భోజనం చేసి నిద్రపోయి, లేచి చూస్తే అది ఇంకా అక్కడే ఉంటుంది.

మాగాయ జాడీ వంటింటి అటక మీద ఎడమవైపు ఉంది. మీ అన్నయ్య అడగరు, నువ్వే చెప్పు.

మీ వదిన
హైమ


ద్రాక్షారామం,
మార్చి, 1999.

వదినకి నమస్కారాలు.

కోపమా? పాలు పోసే పాపాయికి చెప్పి వెళ్లావు గాని గోడవతల ఉన్న ఆడపడుచుకి చెప్పలేదు. పాపాయి నాకు పాలతోపాటు ఆ వార్త కూడా పోసి వెళ్లింది. కోపం పోవాలంటే వచ్చేటప్పుడు అక్కడి అరటికాయ చిప్స్ తీసుకురా.

నీ ఉత్తరం వచ్చే వేళకి అన్నయ్య కాలువ లాకుల దగ్గర డ్యూటీ నుంచి భోజనానికి వచ్చాడు. నిలబడే చదివాడు. ‘ఊ’ అన్నాడు. రెండో పేజీ తిప్పి, అందులో తన గురించి మాగాయ జాడీ తప్ప ఏమీ లేదని చూసి, మళ్లీ ‘ఊ’ అన్నాడు. నువ్వే రాయొచ్చు కదరా అన్నయ్యా అంటే, ‘నాకు ఆఫీసు ఉత్తరాలు తప్ప చేతకావు, నువ్వు రాసెయ్’ అన్నాడు. అందుకని రాస్తున్నాను. ఎదురింటి పల్లంరాజు గారి ఫోనుకి మాత్రం చెయ్యకు. మాట్లాడేది మనం, వినేది వీధంతా.

నువ్వు ఎందుకు వెళ్లావో నాకు తెలీదనుకుంటున్నావేమో. కాపురానికి వచ్చిన కొత్తలో పెరట్లో కూర్చుని నువ్వే చెప్పావు. పుట్టింట్లో సముద్రం చూస్తానంటే, ‘పెళ్లయ్యాక మీ ఆయనతో వెళ్లి చూద్దువుగాని’ అన్నారట మీ వాళ్లు. ఆ మాట పట్టుకుని నువ్వు మా అన్నయ్యని ‘సముద్రం చూద్దామండీ’ అని అడిగావు. వాడు ‘చూద్దాంలే’ అన్నాడు. అడిగిన మాటే జవాబు, చివర ఒక్క అక్షరం ఎక్కువ. కాలువలు కట్టాక అన్నాడు. కట్టాక, మరమ్మతులు అవనీ అన్నాడు. అవి అయ్యాక, నీళ్లు వదలొద్దా అన్నాడు. కాకినాడ బస్సెక్కితే పూటలో వెళ్లొచ్చే సముద్రం. డెల్టా నీళ్లన్నీ లాకులు దాటించి అక్కడికి సాగనంపే మనిషి, తను మాత్రం దాని మొహం చూసి ఎరగడు. నువ్వూ కొన్నాళ్లకి అడగడం మానేశావు. వాడు లేకుండా బయల్దేరేస్తావని మాత్రం ఎవరూ అనుకోలేదు.

శ్రీరామనవమికి వస్తావా? రాకపోతే ఎప్పుడు వస్తావు? అన్నయ్య అడగమనలేదు, నేనే అడుగుతున్నాను. వాడు ఎదురుగా కూర్చుని నా పెన్ను కేసి చూస్తున్నాడు, అంతే.

నీ ఆడపడుచు
సీత


కోవళం,
ఏప్రిల్, 1999.

చి. సౌ. సీతకి వదిన ఆశీస్సులు.

నేను పలక పట్టాను. నవ్వకు. ఎందుకని అడిగితే నవ్విందని రాశానే, ఆవిడే నాకు గురువు. పేరు జూలీ, ఊరు ఆస్ట్రేలియా, తల ముగ్గుబుట్ట. నన్ను రోజూ వరండాలో చూసి విసుగుపుట్టినట్టుంది, ఒకరోజు పలక తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది. దేవకుమారి పంజాబీ డ్రెస్సు వేసుకుని దిగాను. అక్షరాభ్యాసంనాడు పలక మీద కూర్చోబెట్టరు గాని, మిగతా తంతు అంతా అదే. ఆవిడ చెబుతుంది, నేను తప్పు చేస్తాను, ఆవిడ మళ్లీ చెబుతుంది. చెవుల్లోంచీ ముక్కులోంచీ ఉప్పునీళ్లు. ఒడ్డున కూర్చున్న బెస్తవాళ్లకి నేను పెద్ద కాలక్షేపం.

నిన్న నిలబడ్డాను. రెప్పపాటే అనుకో. కాళ్లకింద నీళ్లు పరిగెత్తుతున్నాయి, నేను పడటం లేదు. ఆ కాసేపట్లో నాకు ఎవరూ గుర్తురాలేదు సీతా. చాలా సంతోషం వేసింది. ఇంత సంతోషం నేనొక్కదాన్నే పడొచ్చా అని తర్వాత ఆలోచించాను. పడొచ్చు.

ఇంకో సంగతి. మొన్న ఒక ప్రవాహం నన్ను పలకతో సహా లోపలికి లాగింది. జూలీ ఒడ్డునుంచి ఒకటే కేకలు. నాకు మాత్రం పెద్దగా భయం వెయ్యలేదు. కోటిపల్లి రేవులో పడవవాడు ఏటికి ఎదురు వెళ్లడు కదా. అడ్డంగా తోసుకుంటూ, ఏరు ఎంత దిగువకి లాక్కుపోతే అంత దిగువన ఒడ్డు పట్టుకుంటాడు. నేనూ అలాగే అడ్డంగా పోయి, దూరంగా ఎక్కడో తేలి, ఇసకలో నడుచుకుంటూ వచ్చాను. ‘ఎక్కడ నేర్చుకున్నావు?’ అంది. ఊళ్లో అన్నాను.

ఒంట్లో బావుంది. అన్నం సయిస్తోంది. కళ్లలో పసుపు పోయింది. నవమికి రాలేకపోయాను. ఎప్పుడు వస్తానంటే, చూద్దాంలే.

మీ వదిన
హైమ


ద్రాక్షారామం,
ఏప్రిల్, 1999.

వదినకి,

నీ ఉత్తరం అందింది. పలక మీద నిలబడటం వరకూ అన్నయ్యా నేనూ నవ్వుకుంటూనే చదివాం. చివరి వాక్యం వాడు నాచేత మళ్లీ చదివించాడు. చదివాను. ‘సరే’ అని లేచి వెళ్లిపోయాడు.

ఆ మాటకి మన ఇంట్లో అర్థం ఏంటో నీకు నేను చెప్పాలా? రానని తిన్నగా రాసేస్తే సరిపోయేది. ఇన్నేళ్లూ నీకు చెప్పిన మాటే తిప్పి చెప్పావు. వాడికి తగిన శాస్తే, కాదనను. కాని చదవాల్సి వచ్చింది నాకు.

ఇక్కడ విశేషాలేమీ లేవు. కాలువలు కట్టేశారు. ఏటా చేయించినట్టే అన్నయ్య స్కూటరు వెనకసీటు విప్పించి, కొత్త దూది పెట్టించి కుట్టించాడు. ఎక్కే మనిషి లేనప్పుడు ఎందుకో మరి. నీ దగ్గర హిందీ చదివే పిల్లల్ని సూర్యకళ గారికి అప్పజెప్పాడు. ఈసారి ఆవకాయ మా ఇంట్లోనే కలిపేశాను. అన్నయ్యకి ఒక్క మనిషికి సరిపడా తీసి ఇచ్చాను.

వాడు నీకు రిజిస్టరు పార్సెల్ పంపాడు. అందులో ఏం పెట్టాడో నన్ను చూడనివ్వలేదు.

సీతారామలక్ష్మి


కోవళం,
మే, 1999.

సౌ. సీతారామలక్ష్మి గారికి,

పార్సెల్ అందింది. నా హిందీ సర్టిఫికెట్లు అన్నీ, మా అమ్మ ఇచ్చిన శాలువ, నా రెండో కళ్లజోడు. ఒక్క ముక్క ఉత్తరం లేదు. పోయిన మనిషి గది ఖాళీ చేసినట్టు నా అలమార ఖాళీ చేసి పంపారు మీ అన్నయ్య. విప్పి, ముందర పెట్టుకుని, చాలాసేపు కూర్చున్నాను. చాలా బాధ వేసింది. ఆ తర్వాత కోపం వచ్చింది. కోపమే నయం.

నేను రానని ఎక్కడ రాశాను? చూద్దాంలే అని రాశాను. అంటే నాకింకా తెలీదని. ఒంట్లో బాగుపడనీ, ఈ పలక మీద ఇంకో నాలుగుసార్లు నిలబడనీ, చూద్దాం అని. మాటకి ఉన్న అర్థమే నా అర్థం. ఇన్నేళ్లు మీ ఇంట్లో ఉండి ఆ మాటని మామూలు మాటలా వాడాను చూడండి, అదే నా తెలివితక్కువ.

దేవకుమారికి మళ్లీ ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది. లాడ్జి చూసుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలి. పై గది నాకే ఇస్తానంటోంది. ఆ గదిలోంచి దీపస్తంభం కనిపిస్తుంది. వానలు పట్టేలోగా ఏ సంగతో చెప్పమంది. సరే అనేలా ఉన్నాను. నా మీద ఆధారపడ్డ పిల్లా జెల్లా అక్కడ ఎవరూ లేరు. హిందీ పిల్లలు ఉంటే వాళ్లనీ అప్పజెప్పేశారు.

ఆవకాయ ఒక్క మనిషికే తీసి మంచి పని చేశారు.

హైమ


ద్రాక్షారామం,
మే, 1999.

వదినా,

ఆ ‘గారు’ తీసెయ్. చదువుతుంటే నాకు కన్నీళ్లొచ్చాయి. తప్పు నాది కూడా. నీ మాట నాకు అర్థమైనట్టే రాసేశాను, అడగనైనా లేదు.

నీ ఉత్తరం పట్టుకుని లాకుల దగ్గరికే వెళ్లాను. నీళ్లు లేవు, అడుగున బురద, తలుపులకి రంగులు వేయిస్తున్నాడు. అక్కడే చదివి వినిపించాను. ఆ సర్టిఫికెట్లు ఎందుకు పంపావురా అంటే, ‘అక్కడ ఎక్కడైనా హిందీ పాఠాలు చెప్పుకోవాలంటే కాగితాలు అడుగుతారు కదే’ అన్నాడు. శాలువ సముద్రపు గాలికట. కళ్లజోడు, మొదటిది నీళ్లలో పోగొట్టుకుంటావేమోనని. ఉత్తరం ఎందుకు పెట్టలేదంటే, ‘రానన్న మనిషిని రమ్మని రాయడం ఏం మర్యాద?’ అన్నాడు. గెంటెయ్యడం కాదు వదినా. మా అన్నయ్యకి సాయం చెయ్యడం కూడా గెంటేసినట్టే చెయ్యడం వచ్చు.

అప్పుడు నేను ఉండబట్టలేక అడిగేశాను, ‘ఇన్నేళ్లూ నువ్వు వదినకి ఆ మాటే కదా చెప్పావు, తను మాత్రం ఏం అనుకోవాలి?’ అని. వాడు రంగు డబ్బా కింద పెట్టి నాకేసి చూశాడు. ‘నేను కాదనలేదే. వెళ్దామనేగా అన్నాను’ అన్నాడు. ‘ప్రతిసారీనా?’ అంటే, ‘ప్రతిసారీ’ అన్నాడు. కాలువలు కట్టగానే ఏటా సీటు కుట్టించేది అందుకేనట. మొదట్లో సైకిలు క్యారియరుకి మెత్త కట్టించేవాడు గుర్తుందా? మనం బియ్యం మూటకి అనుకున్నాం. అది నీకట. కాకినాడ దాకా కుదుపులు తగలకుండా.

నమ్మాలో లేదో నాకూ తెలీదు. సీటు కుట్టించాడు గాని ఎక్కమని అనలేదు కదా. అది కూడా వాడికి మొహం మీదే చెప్పాను. తల దించుకున్నాడు. దేవకుమారికి ఇంకా ఏమీ చెప్పకు.

నీ
సీత


కోవళం,
మే, 1999.

సీతా,

ఆ మెత్త నాకు గుర్తుంది. ఎర్ర రెక్సిను, అంచుకి తెల్ల కుట్టు. ఎండలో పెట్టి దులిపేదాన్ని. బియ్యం మూటకి ఇంత షోకు ఏమిటని విసుక్కునేదాన్ని కూడా.

నమ్ముతున్నాను. నమ్మినంత మాత్రాన కోపం పోవాలని లేదు. చూడకుండా గడిచిన వేసవులు గడిచిపోయాయి కదా.

సముద్రం రంగు మారింది. కెరటాలు పెద్దవవుతున్నాయి, జూలీ వెళ్లిపోయింది. పలక నాకే ఇచ్చేసింది. ఈ పాటికి వానలు రావాలి. దేవకుమారి రోజూ అడగదు గాని నా మొహం కేసి చూస్తుంది.

నాకు ఒక్కటే కావాలి. మీ అన్నయ్యని తన చేత్తో రాయమను. ఆఫీసు ఉత్తరాలు తప్ప చేతకాకపోతే ఆఫీసు ఉత్తరమే రాయమను. నీ పెన్ను ఎదురుగా కూర్చుంటే కుదరదు. ఏం రాసినా సరే, ఆ మాట మాత్రం వద్దు.

హైమ


ద్రాక్షారామం,
జూన్, 1999.

చి.ల.సౌ. హైమకు,

విషయం: సముద్రము చూచుట గురించి.
సూచిక: 1. కాపురమునకు వచ్చిన కొత్తలో నీవు చేసిన విన్నపము. 2. ఆ పిమ్మట పలుమార్లు చేసిన జ్ఞాపికలు.

ఇలా మొదలుపెట్టకపోతే నాకు కలం కదలడం లేదు. ఏమీ అనుకోకు.

అన్న ప్రతిసారీ తీసుకెళ్దామనే అన్నాను. అది నిజం. తీసుకెళ్లలేదు. అదీ నిజం. ఈ రెంటిలో నీకు అందింది రెండోదే అని సీత చెప్పేదాకా నాకు తట్టలేదు. మనసులో అనుకున్నది నీకు తెలిసే ఉంటుందనుకున్నాను. ఎలా తెలుస్తుందని అనుకున్నానో ఇప్పుడు తెలియడం లేదు.

నీ సర్టిఫికెట్లు కట్టి పంపిన రోజు నాకు అన్నం సహించలేదు. ఆ మాట పార్సెల్‌లో రాసి పెట్టవలసింది. ఇప్పుడు రాస్తున్నాను.

ఈ వారం కాలువలకు నీళ్లు వదులుతారు. నేను ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి ఈ వారం సెలవు పెట్టి ఎరగను. పెట్టాను. మా పై అధికారి ‘ఇప్పుడా సోమయాజులు గారూ?’ అన్నారు. ఇప్పుడేనండి అన్నాను. లాకుల తలుపులు నా కింద పనిచేసే యెహెజ్కేలు ఎత్తిస్తాడు. నా కంటే బాగానే ఎత్తిస్తాడు.

టిక్కెట్టు తీసుకున్నాను. ఈ ఉత్తరం వెనకాలే నేనూ వస్తాను. నీవు అక్కడే ఉండదలిస్తే ఉండు, సామాను మోయమంటే మోస్తాను. ఇంటికి రమ్మని అడగాలని మాత్రం నాకు ఉంది. అది కాగితం మీద కాదు, ఎదురుగా అడుగుతాను. ముందు ఇద్దరం కలిసి సముద్రం చూద్దాం.

ఇట్లు,
సోమయాజులు

గమనిక: పై చివరి వాక్యంలో అలవాటు కొద్దీ పడిన ‘లే’ అనే ఒక అక్షరం కొట్టివేయడమైనది. కొట్టివేత నాదే.
సోమయాజులు


కోవళం,
జూన్, 1999.

చి. సౌ. సీతకి వదిన ఆశీస్సులు.

మీ అన్నయ్య క్షేమంగా చేరారు. రైల్లో అన్నం గడ్డలు కట్టిందని తప్ప ఇంకేం ఫిర్యాదు లేదు. నువ్వు పంపిన ఆవకాయ అందింది. ఇద్దరికి సరిపడా ఉంది, అర్థమైంది.

ఇక్కడ ఒకటే వాన. ఒడ్డున ఎర్రజెండాలు పాతేశారు. విదేశాలవాళ్లు సర్దుకుని వెళ్లిపోయారు, లాడ్జిల గోడలకి పలకలు బోర్లించి ఉన్నాయి. నేను చూపిద్దామనుకున్న నీలం సముద్రం కాదిది. బూడిదరంగులో, ఆకాశం ఎక్కడో నీళ్లెక్కడో తెలియకుండా ఉంది. పంచె మోకాళ్లదాకా ఎగ్గట్టి, గొడుగు పట్టుకుని, నా పక్కన నిలబడ్డారు. కెరటం వచ్చినప్పుడల్లా ఒక అడుగు వెనక్కి వేస్తున్నారు. చివరికి, ‘హైమా, దీనికి తలుపుల్లేవే’ అన్నారు.

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఇది నేను కాపురానికి వచ్చిన కొత్తలో చూసి ఉంటే ఎంత బావుండేది అన్నాను. ‘బావుండేది’ అన్నారు. సర్దిచెప్పడానికి ఇంకో ముక్క కలపలేదు. అక్కడే అడిగారు, ఇంటికి రమ్మని. తిన్నగానే అడిగారు. ఏటా నెల్లాళ్లు ఇక్కడికి వస్తాను, నా పలక ఇక్కడే ఉంటుంది, మీకు కుదిరినా కుదరకపోయినా వస్తాను అన్నాను. ఏదో మాట నోటిదాకా వచ్చింది గాని మింగేసి, ‘సరే’ అన్నారు.

సూర్యకళ గారికి చెప్పు, హిందీ పిల్లల్ని వచ్చే నెల నుంచి మళ్లీ పంపమని.

సాయంత్రం దేవకుమారి డ్యూటీ నుంచి వచ్చి, తడిసిన చెప్పులు విప్పుకుంటూ అడిగింది, ‘ఏంటే, ఏం తేల్చుకున్నావు? లాడ్జి చూసుకుంటావా?’ అని. ఎదురుగా కాదనడానికి మొహమాటం వేసింది. ‘చూద్దాంలేవే’ అన్నాను. ఇంకేం అడగలేదు. లోపలికి వెళ్లి, పై గది అద్దెకి ఇవ్వబడును అని బోర్డు రాసుకొచ్చి గుమ్మానికి తగిలించింది.

తనదీ మన పక్కనున్న రామచంద్రపురమే కదా.

మీ వదిన
హైమ